వెనక దీపం

మా ఊళ్ళో ఎవరినైనా బేక్ఆపిల్ పళ్ళు ఎక్కడ కోశావని అడగడమూ, డబ్బు ఎక్కడ దాచావని అడగడమూ ఒకటే. అయినా అడుగుతారు. అడగడానికి వాళ్ళకు సిగ్గుండదు, అబద్ధం చెప్పడానికి మాకూ ఉండదు.

"ఎక్కడ దొరికాయిరా హెడ్?" అంటాడు పక్కింటి సిరిల్ మా ఆయనతో, ప్రతి ఆగస్టులోనూ.

"చిత్తడిలో."

"ఏ చిత్తడిలో?"

"తడిగా ఉంటుంది చూడు, అందులో."

సిరిల్ నవ్వేసి వెళ్ళిపోతాడు. మర్నాడు మా వెనకాలే దొంగచాటుగా బండేసుకుని వస్తాడు. తప్పు పట్టను, ఒకప్పుడు మేమూ వాళ్ళ వెనకాల పోయినవాళ్ళమే. న్యూఫౌండ్లాండ్ ఉత్తరపు కొసన, సముద్రానికీ చిత్తడి నేలకీ మధ్య బతికేవాళ్ళం. మాకు దొరికే పళ్ళన్నిట్లోకీ రాణి ఇదే. జానెడు మొక్కకు ఒక్కటంటే ఒక్కటే పండు. పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా ఉండి, పండాక తేనె రంగుకు తిరుగుతుంది. ఆపిల్‌కీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. బకెట్టు నిండాలంటే నడుం విరగాలి, నల్ల ఈగలు మొహమంతా పీక్కు తినాలి. అలాంటి పళ్ళు చాప పరిచినట్టు కాసే చోటొకటి మా మామగారికి తెలుసు. ఆయన పోతూ పోతూ కొడుక్కి అప్పజెప్పిన ఆస్తి అదే.

ఆ కొడుకు మా ఆయన హెడ్లీ. నా పేరు డల్సీ. పెళ్ళయిన ఏటి నుంచీ ఆ చోటికి వెళ్తూనే ఉన్నాను, మొదట్లో కాలినడకన, తరవాత క్వాడ్ మీద. నాలుగు లావుపాటి చక్రాల బండి అది, బురదైనా బండలైనా ఎక్కేస్తుంది. ఆయనకొకటి, నాకొకటి. ఇంకొకరి నడుం పట్టుకుని వెనక కూచునే రకం కాదు నేను.

వెళ్ళానే గానీ, దారి ఎన్నడూ చూడలేదు. వినడానికి వెర్రిగా ఉంటుంది, కానీ నిజం. చోటు సంగతి కొడుక్కి చెబుతారు గానీ కోడలికి చెప్పే ఆచారం మా దగ్గర లేదు. నేనూ అడగలేదు. నా బండి ముందు ఆయన బండి, ఆయన బండి వెనక ఒక ఎర్రదీపం. అది ఎటు పోతే నేనూ అటే. పొగమంచులో, వానలో, ఎగిరే బురదలో నా కళ్ళు దాని మీదే ఉండేవి. ఇక దారితో నాకేం పని?

పైగా మా మాటలన్నీ ఆ దీపంతోనే. తలకు హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం తెచ్చిన దగ్గర్నుంచీ బండి మీద ఒకరి మాట ఒకరికి వినబడి చావదు. అందుకని హెడ్లీ బ్రేకు నొక్కి చెప్పడం మొదలుపెట్టాడు. దీపం రెండుసార్లు మినుకుమంటే ముందు గొయ్యి ఉందని. మూడుసార్లంటే ఆగి టీ కాచుకుందామని. ఒక్కసారే పొడుగ్గా వెలిగిందా, నా వీపెక్కుతావేమే, కాస్త వెనక్కి తగ్గు అని. దానికి నేను హారన్ కొట్టి తిట్టేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య అంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదని నా అనుభవం.

ఈ ఏడు జూలైలో పళ్ళు ఏపాటిగా ఉన్నాయో చూసొద్దామని బయల్దేరినప్పుడు ఆ దీపం తిక్కతిక్కగా వెలగడం మొదలైంది. దారి చీలిన ప్రతిచోటా హెడ్లీ ఆగుతున్నాడు. దీపం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. రెండుసార్లా, మూడుసార్లా, గొయ్యా, టీయా, ఏమీ అర్థం కాదు. ఒకచోట ఎడమ దారిలో కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగొచ్చి, కుడి దారి పట్టాడు. దానికి నేనేం ఆశ్చర్యపోలేదు. వెనక ఎవరైనా వస్తున్నారని అనుమానం ఉంటే తప్పుదారిలో కాస్త పోయి ఇంజను ఆపి చెవులు రిక్కించమని మా మామగారు నేర్పిన విద్యే అది. ఈ ఊళ్ళో మగాడి తెలివి అక్కడే తెలుస్తుందంటారు.

ఇంటికొచ్చాక అడిగాను.

"సిరిల్ గాడు వెనకున్నాడేమోనని," అన్నాడు హెల్మెట్ తీస్తూ.

"అది సరే. దీపానికేం రోగం?"

కాసేపు నా మొహంలోకి చూశాడు. "బల్బు వదులైంది పిల్లా. కుదుపులకి."

నాకు అరవై దాటి కూడా చాన్నాళ్ళయింది. ఇప్పటికీ పిల్లా అనే పిలుస్తాడు. ఆ పిలుపుతో ఆయన ఏం చెప్పినా నమ్మేస్తాను.

మర్నాడే వెల్మా దుకాణానికి పోయాను. మేకుల నుంచి మాంసం దాకా అన్నీ అమ్ముతుంది వెల్మా. వయసులో చిన్నదే గానీ నోరు పెద్దది.

"బల్బు కొనడానికి నువ్వొచ్చావేంటి డల్సీ అత్తా? హెడ్లీ మావయ్య ఊళ్ళో వాళ్ళందరి ఇంజన్లూ బాగు చేస్తాడుగా. సొంత బండికి ఓపిక లేదా?"

"మంగలి తల మాసినట్టే ఉంటుందమ్మా. నువ్వు బల్బు ఇయ్యి."

"పాత రకం వద్దత్తా, ఎల్ఈడీ తీసుకో. లోపల తెగడానికి తీగే ఉండదు. కుదిపినా చావదు, కరెంటు తక్కువ తింటుంది, నొక్కగానే ఠక్కున వెలుగుతుంది." అల్మారాలోంచి ఒకటి తీసింది, చూసి మళ్ళీ లోపల పెట్టేసింది. "తెల్లది వద్దులే. ఎర్ర అద్దం వెనక తెల్లది పెడితే గులాబీ రంగులో వెలుగుతుంది. మావయ్య పుట్టినరోజు కేకులా ఉంటాడు. ఎర్రదే పట్టుకెళ్ళు."

హెడ్లీ దాన్ని చూసి ఏమంత సంబరపడలేదు.

"పాతది బానే ఉందిగా," అన్నాడు.

"వదులైందని నువ్వే కదా అన్నావ్!"

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆ తేలు ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

షెడ్డులో బండి వెనక పీట వేసుకుని కూచున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఎర్ర అద్దం మరలు ఊడదీశాడు. పాత బల్బును లోపలికి నొక్కి, కాస్త తిప్పి, బయటికి లాగాడు. సముద్రపు గాలికి గూటి లోపలంతా పచ్చని చిలుము పట్టింది. దాన్ని గరుకు కాగితంతో తోమి, వేలితో కాస్త గ్రీజు రాశాడు. చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా అక్కడి ఇంజన్లన్నీ ఆ చేతుల మీదే తిరిగాయి. ఇప్పటికీ ఆ వేళ్ళు పని చేస్తుంటే చూడ్డం నాకిష్టం.

కానీ కొత్త బల్బు కూచోలేదు. ఆ రకం బల్బుకు రెండు పక్కలా రెండు చిన్న మొటిమలుంటాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకే వెలుగైతే ఎలా పెట్టినా సరిపోతుంది. దీన్లో రెండు వెలుగులు కదా, ఎప్పుడూ మసగ్గా వెలిగేదొకటి, బ్రేకు నొక్కితే భగ్గుమనేదొకటి. అవి తారుమారు కాకుండా ఒక్క వైపునే పడుతుంది. హెడ్లీ దాన్ని తప్పు వైపు పెట్టి నొక్కాడు. తీశాడు. మళ్ళీ అదే వైపు పెట్టి నొక్కాడు.

"తిప్పి పెట్టు," అన్నాను.

"తెలుసులేవే." మళ్ళీ అదే వైపు. "ఈ కొత్త సరుకంతా వంకరే."

నేనే అందుకుని తిప్పి ఇచ్చాను. టక్కుమని కూచుంది. వెళ్ళి బ్రేకు నొక్కాను. షెడ్డు గోడంతా ఎర్రబడింది. అంతకు ముందు బ్రేకు దీపం సిగరెట్టు కొసలా ఉండేది, ఇప్పుడు కొలిమిలా ఉంది. నాకు ముచ్చటేసింది. హెడ్లీ మాత్రం దూరంగా నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"మరీ అంత వెలుగెందుకే?"

"నువ్వు ఏం చేస్తున్నావో నాకు తెలియొద్దూ?"

పాత బల్బును చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. తీగ తెగితే లోపల గలగల వినబడుతుంది. ఏమీ వినబడలేదు. దాన్ని డబ్బాలో పారేసి వంటింట్లోకి పోయాను.

ఆగస్టు వచ్చింది. మళ్ళీ బయల్దేరాం. కొత్త దీపం ఎంత బాగుందని! ఆరిందా ఆరినట్టే, వెలిగిందా వెలిగినట్టే. రెండుసార్లంటే స్పష్టంగా రెండుసార్లు. గోతులన్నీ చక్కగా దాటాను. కానీ చీలిక రాగానే మళ్ళీ అదే వరస. దీపం వెలిగి అలాగే ఉంటోంది. ఎంతసేపటికీ ఆరదు. ఆరాక బండి ఒకవైపు పోతుంది, ఆగుతుంది, తిరిగొస్తుంది. పెద్ద కుంట దగ్గరకొచ్చి దాని చుట్టూ తిరిగాం. ఇంకోసారీ తిరిగాం. చివరికి హెడ్లీ బండి తిప్పి, వెనక్కి పోదామని చేత్తో సైగ చేశాడు.

"ఏమైంది?" అన్నాను దగ్గరికెళ్ళి.

"ఇంకా పండి ఉండవులే. పైగా ఎవడో వెనక ఉన్నాడు."

నిజంగానే ఉన్నాడు. సాయంత్రం పెట్రోలు పోయించుకోడానికి పోతే సిరిల్ ఎదురయ్యాడు. బొడ్డు దాకా బురద.

"దాచడమెందుకు డల్సీ, మీ వెనకే వచ్చాను," అన్నాడు. "వీడి దుంపతెగ, కుంట చుట్టూ రెండుసార్లు తిప్పాడు చూడు! మూడో చుట్టు కూడా తిప్పుతాడనుకుని నేను ముందే అడ్డదారిలో పోయి దిగబడ్డాను. వాళ్ళ నాన్న కూడా ఇంత జిత్తులమారి కాదు."

"నా మొగుడంటే ఏమనుకున్నావ్?" అన్నాను. నిజంగానే గర్వంగా ఉంది.

"అది సరే గానీ, వాడి బ్రేకు దీపం అలా వెలుగుతూనే ఉంటుందేం? మైలు దూరంలోంచి కనబడుతోంది. బల్బు కాదమ్మా, బ్రేకు దగ్గర స్విచ్చి పట్టేసి ఉంటుంది. చూడమను."

హెడ్లీకి చెప్పలేదు. చెబితే విసుక్కుంటాడు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు నేనే షెడ్డులోకి పోయి బండి తాళం తిప్పాను. చేతి బ్రేకు నొక్కితే గోడ ఎర్రబడింది, వదిలితే ఆరింది. కాలి బ్రేకు తొక్కాను, అదీ అంతే. మెల్లగా వదిలాను, గబుక్కున వదిలాను, బండిని పట్టుకుని ఊపాను, తీగల్ని వేళ్ళతో కదిపాను. వెలగాల్సినప్పుడు వెలిగింది, ఆరాల్సినప్పుడు ఆరింది. బల్బు మంచిదే, స్విచ్చి మంచిదే, తీగలూ మంచివే. ఇక మిగిలిందేమిటో చిన్నపిల్ల కూడా చెబుతుంది. నాకు తట్టలేదు. కొన్ని సంగతులు తట్టకుండా తలుపేసుకుంటుంది మనసు.

ఆ వారంలోనే సిరిల్ కట్టుడు పళ్ళ కొలతలకని వాళ్ళావిడతో పట్నం పోయాడు. మిగతావాళ్ళంతా పడవల మీద కాడ్ చేపల వేటకు పోయారు, ప్రభుత్వం చేపలు పట్టుకోనిచ్చే రోజులు అవి. వీధిలో కుక్క కూడా లేదు. ఇదే మంచి అదను అన్నాను. హెడ్లీ గొణుక్కుంటూ లేచాడు.

మొదటి చీలిక బాగానే దాటాం. రెండోది, కూలిపోయిన పాత గుడిసె దగ్గర. అక్కడ దీపం వెలిగింది.

వెలిగి ఉండిపోయింది. నేను వెనక ఆగాను. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉండడానికి ఊళ్ళో ఎవరైనా ఉంటే కదా. ఇంజను ఆపాను, వేరే బండి చప్పుడు వస్తుందేమోనని. గాలి, ఈగల రొద, అంతే. ముందు ఆ ఎర్రదీపం అలాగే ఉంది. అదురు లేదు, బెదురు లేదు. బ్రేకు మీద ఉన్న చెయ్యి మాత్రం అక్కడి నుంచి కదలడం లేదు. ఎవరిని ఏమారుస్తున్నాడు ఈయన? ఏమార్చడానికి ఎవరున్నారు?

అప్పుడు తట్టింది.

దిగి ఆయన దగ్గరికి నడిచాను. హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. కళ్ళు ఈ దారి నుంచి ఆ దారికి, ఆ దారి నుంచి ఈ దారికి పోతున్నాయి.

"వెనక ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"ఎవరూ లేరు హెడ్."

"లేరా," అన్నాడు. ఉంటే బాగుండునన్నట్టు అన్నాడు.

బ్రేకు మీద ఉన్న ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కో వేలూ విడదీశాను. దీపం ఆరింది.

"నేను ముందు పోతాను," అన్నాను.

"నీకు దారి తెలీదు కదే."

నిజమే, తెలియదు. ఆ రెండు దారుల్లో ఒక్క చెట్టునూ, ఒక్క బండనూ నేను గుర్తుపట్టలేను. కానీ దీపం తెలుసు. అక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ గుడిసె దాటగానే ఆ ఎర్రదీపం ఏం చేసేది? కిందికి దిగేది. ఒక్కసారిగా దిగి మాయమైపోయేది, నాకు గుండె ఝల్లుమనేది, కాసేపటికి ఎడమ పక్కన పైకి తేలేది. కళ్ళు తెరిచాను. ఒక దారి చదునుగా పోతోంది. ఇంకోటి పల్లంలోకి దిగుతోంది.

"ఇటు," అన్నాను. "నీ దీపం ఎటు పోయేదో నాకు తెలుసు."

ముందు పోవడం నాకు కొత్త. ముందు ఎవరూ లేకపోతే ఎంత ఖాళీగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అస్తమానం తల తిప్పి వెనక్కి చూడాలి, ఆయన బండి ముందు దీపం వస్తోందా లేదా అని. ఇన్నేళ్ళూ ఆయన మెడ నొప్పి, మెడ నొప్పి అంటే దిండు మార్చేదాన్ని. ఒకచోట వంపు తిరిగి కొంత దూరం పోయాక చూస్తే వెనక ఆయన లేడు. నా ప్రాణం పైకే పోయింది. బండి తిప్పుకుని వచ్చేసరికి ఆయన వంపు అవతల దారి మధ్యలో ఆగి కూచున్నాడు.

"నీ దీపం కనబడలేదు," అన్నాడు. నా బండికి ఉన్నది పాత రకం బల్బే, దాని మీద బురద.

ఆ తరవాత మెల్లగా పోయాను. కుంట దగ్గర దీపం కుడివైపు వంకర్లు తిరిగేదని గుర్తు. ఆ పైన రెండుగా పగిలిన పెద్ద బండ దగ్గర నాకేమీ గుర్తు రాలేదు. దీపం ఇక్కడ వెలిగేదా, ఆరేదా, ఏమీ లేదు. నిలబడిపోయాను. వెనక హారన్ మోగింది. తిరిగి చూస్తే హెడ్లీ చెయ్యి చాచి బండ అవతలి వైపు చూపిస్తున్నాడు, మొహమంతా నవ్వు.

"మా నాన్న దీని మీద కూచుని చుట్ట కాల్చేవాడే!" అని అరిచాడు. హెల్మెట్లో ఉన్నా వినబడింది.

అలా నాకు తెలిసింది నేనూ, ఆయనకు తెలిసింది ఆయనా కలిపి చేరాం. చిత్తడంతా తేనె రంగు. హెడ్లీ ఎప్పట్లాగే ముందు మోకాళ్ళ మీద కూలబడి ఒక పండు కోసి నా నోట్లో పెట్టాడు. ఆ తరవాతే బకెట్టు తీశాడు. బకెట్లు నిండాక పుల్లలేరి మంట చేసి టీ కాచాను. నల్లబెల్లం పాకం పోసి కాల్చిన రొట్టె తెచ్చాను, అది విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నిరుటి నుంచే, కాస్త కాస్తగా. ఈ ఏడు ముదిరింది." రొట్టె తుంచుతూ నేల చూస్తున్నాడు. "చీలిక దగ్గరకొచ్చేసరికి రెండు దారులూ ఒక్కలాగే ఉంటాయి. బ్రేకు నొక్కి కూచుంటాను. కాసేపటికి గుర్తొస్తుంది, పోతాను. ఒక్కోసారి తప్పు దారి పట్టి తిరిగొస్తాను. నువ్వేమో సిరిల్‌ని ఏమార్చానని మురిసిపోయేదానివి. చెప్పబుద్ధి కాలేదు."

"బల్బు వదులైందన్నావు!"

"ఏదో ఒకటి వదులైందిగా," అన్నాడు, వేలితో కణత మీద తట్టుకుంటూ.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి ఏడుపే గెలిచింది. కోపం కూడా వచ్చింది. "ఇన్నేళ్ళు నీ వీపు చూసుకుంటూ వచ్చానే, నాకు చెప్పవా? నేనెవరినని?"

"చెబితే నా వెనక వస్తావా?" అన్నాడు. "నాకు దారి తెలుసనే కదా ధైర్యంగా వస్తావు. నువ్వు రానంటే నేనూ రాలేను. ఇంక కిటికీ దగ్గర కుర్చీ వేసి కూచోబెడతారు. టీ తాగావా హెడ్, మందు వేసుకున్నావా హెడ్ అంటూ." గ్లాసు కింద పెట్టాడు. "ఈ చోటు పోతే నాకింకేం ఉందే?"

నాకు చాలా భయంగా ఉందన్నాను. నువ్వు నన్ను కూడా చీలిక దారిలా చూసే రోజొస్తుందేమోనని భయంగా ఉందన్నాను.

"నీకు రెండో దారి ఎక్కడుందే? ఒక్కటే కదా," అన్నాడు.

పళ్ళ కాలం అయ్యాక నర్సు దగ్గరికి పోదామన్నాను. బండి తోలొద్దంటుందేమో అన్నాడు. అంటే నా వెనక కూచుని నడుం పట్టుకుందువు గాని అన్నాను.

"నీ వెనకా? సిరిల్ చూస్తే నవ్వి నవ్వి చస్తాడు."

"చావనీ. మన పళ్ళు మనకే మిగుల్తాయి."

మర్నాడు పొద్దున్న చూస్తే హెడ్లీ అప్పుడే షెడ్డులో ఉన్నాడు. తన బండి వెనక ఎర్ర అద్దం ఊడదీసి ఉంది. కొత్త దీపం తీసి పక్కన పెట్టుకుని, నా బండి గూడు తోముతున్నాడు.

"నా బండికెందుకే ఇది?" అన్నాడు, నేనేమీ అడగకుండానే. "నా వెనక చూడ్డానికి ఎవరున్నారు?"

నేను టార్చి పట్టుకుని పక్కన కూచున్నాను. ఆయన బల్బు వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు, ఏ మొటిమ పైకో, ఏది కిందికో. ఈసారి తిప్పి పెట్టమని నేననలేదు. చేతిలో పని ఉన్నవాడిని తొందరపెట్టకూడదు.

అంతలో తలుపు దగ్గర సిరిల్ ప్రత్యక్షమయ్యాడు, పట్నం నుంచి వచ్చీ రాగానే. గోడ పక్కన మూతలు పెట్టిన బకెట్లు చూశాడు. ఒక మూత ఎత్తాడు. మొహం మాడిపోయింది.

"నేను లేని రోజు చూసి! ఇంత లావు పళ్ళు నా జన్మలో చూళ్ళేదు. ఒరే హెడ్, నిజం చెప్పు. ఒక్కసారి, నీకు దండం పెడతాను. ఎక్కడ కోశారు?"

హెడ్లీ చెయ్యి ఆగింది. తలెత్తి సిరిల్‌ని చూశాడు.

"నాకు గుర్తులేదురా," అన్నాడు.

సిరిల్ పగలబడి నవ్వాడు. తలుపు పట్టుకుని, కడుపు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గుర్తులేదా! అబ్బబ్బా, గుర్తులేదంట! ఈ ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఇలాంటి అబద్ధం ఎవడూ ఆడలేదురా బాబూ. చిత్తడిలో అనేవాడివి, తడిగా ఉంటుంది అనేవాడివి, ఇది వాటన్నిటినీ తలదన్నింది!"

హెడ్లీ నావైపు చూశాడు. ఆయన పెదవి ఒక పక్క కదిలింది. అప్పుడు ఆయన కూడా నవ్వాడు, పొట్ట కదిలేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా. నేనూ నవ్వాను. సిరిల్ కళ్ళు తుడుచుకుంటూ, ఊరంతా చెప్పడానికి వెళ్ళిపోయాడు.

షెడ్డులో మళ్ళీ మేమిద్దరమే మిగిలాం. హెడ్లీ బల్బును ఇంకోసారి తిప్పి చూసుకుని, గూట్లో పెట్టి నొక్కాడు. టక్కుమంది. అద్దం బిగించాడు. లేచి షెడ్డు బయటికి, రోడ్డు దాకా నడిచాడు. అక్కడ నిలబడి నాకు చెయ్యి ఊపాడు.

నేను బండెక్కి బ్రేకు నొక్కాను.

"కనబడుతోందా?" అని అరిచాను.

"కనబడుతోంది పిల్లా," అన్నాడు. "కానీ మరీ ముందుకెళ్ళిపోకు."

వెళ్ళనని చెప్పాను.